మచ్చిక

మా అన్నకి గుర్రాల గురించి తెలియని విషయం లేదు. నా మంటంతా అక్కడే. తెలియక తప్పు చేసేవాణ్ణి తిట్టొచ్చు, కూర్చోబెట్టి నేర్పొచ్చు. అన్నీ తెలిసిన మనిషి గుర్రాన్ని ఖాళీ కడుపుతో బండికి కడితే ఇక వాడికి ఏం నేర్పుతాం?

మా నాన్న సరస్సు చుట్టూ ఉన్న రోడ్డు మీద షికారు బండి తోలేవాడు. ఆయన పోయాక బండి అన్న చేతికి వచ్చింది. ఒక బండి మూడయ్యాయి. బండ్లు పెరిగేకొద్దీ గుర్రాలకు విశ్రాంతి తగ్గింది. మాలీషు చేయడం, మేత వేయడం, గిట్టలు శుభ్రం చేయడం నా పని. ఒక మధ్యాహ్నం కాలు వాచిన గుర్రాన్ని బండికి కట్టమన్నాడు. నేను కట్టనన్నాను. తనే కట్టుకున్నాడు. నేను చేతిలో బ్రష్షు గోడకేసి కొట్టి, వీధిలో నలుగురూ వినేలా నోటికొచ్చినదంతా అని బయటికి నడిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అన్నకి అసలు కోపమే రాదు. గుర్రాన్ని కొట్టేటప్పుడు కూడా మొహంలో ఏమీ కనిపించదు.

పెళ్ళీ పెటాకులూ లేని మనిషిని, ఎక్కడైనా తల దాచుకోగలను. ఊరి చివర మూతపడిన రంపపు మిల్లులో ఒక పశువుల డాక్టరమ్మ దిక్కులేని గుర్రాలను చేరదీస్తోందని విని అక్కడికి వెళ్ళాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"జీతం తక్కువ, లద్దె ఎక్కువ. ఉంటావా?"

ఉన్నాను. నాలుగేళ్ళు ఉన్నాను. ఆ నాలుగేళ్ళలో అన్నతో ఒక్క మాట లేదు. ఊళ్ళో ఎదురుపడితే ఇద్దరం చెరో పక్కకి చూసేవాళ్ళం.

ఒక రోజు వదిన ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"నువ్వొకసారి రావయ్యా. మీ అన్న కొత్తగా ఒక ఆడగుర్రాన్ని తెచ్చాడు. పడుకుంటే లేవట్లేదు. లేచేదాకా కొడుతున్నాడు. నేను చెప్పానని మాత్రం అనకు."

నేనే ఫిర్యాదు రాశాను, నా పేరుతోనే. కాగితం కదలడానికే నెల పట్టింది. జంతువుల సంరక్షణ ఆఫీసరు, డాక్టరమ్మ, నేను వ్యాన్‌లో వెళ్ళాం. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉంది అది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. భుజం మీద తోలుపట్టీ ఒరుసుకున్న చోట పుండు రసి కారుతోంది. గిట్టలు పెరిగి పెరిగి ముందుకు వంకర తిరిగాయి. ఆఫీసరు తల గోక్కుందామని చెయ్యెత్తాడు. అంతే, అది గోడకు అతుక్కుపోయి వణకడం మొదలుపెట్టింది.

అన్న గుమ్మంలో నిలబడి నన్నే చూశాడు. "నా కడుపు కొట్టడానికి నా ఇంటికే వచ్చావన్నమాట" అన్నాడు. ఆఫీసరు కాగితం చూపించి దాన్ని మాకు అప్పగించాడు.

మిల్లుకి వచ్చిన మొదటి రోజంతా అది గోడవైపు మొహం పెట్టుకుని నిలబడింది. ఎవరు పిలిచినా తల తిప్పలేదు. "దొరసానికి మనం ఆనినట్టు లేదు" అంది డాక్టరమ్మ. ఆ పేరే ఖాయమైపోయింది.

కడుపు మాడిన గుర్రానికి ఒక్కసారిగా దాణా పెడితే ప్రాణం పోతుంది. చాలామందికి ఇది తెలియదు. జాలిపడి బకెట్టు నిండా పెట్టి చంపుకుంటారు. డాక్టరమ్మ లెక్క ప్రకారం రెండు గంటలకోసారి కాస్త గడ్డి, అది కూడా తూకం వేసి. దొరసాని ఆ గడ్డిని రెండు నిమిషాల్లో నమిలేసి, నా చేతుల్ని, నా జేబుల్ని, కింద పడిన పరకల్ని వెతుక్కునేది. పక్క గదిలో మోపులకొద్దీ గడ్డి పెట్టుకుని లేదన్నట్టు మొహం తిప్పుకోవడం ఎంత పాపిష్టి పనో చేసినవాడికే తెలుస్తుంది. మూడు నెలలకు ఒళ్ళు వచ్చింది. పుండు మాని కొత్త చర్మం పట్టింది. భయం మాత్రం వదల్లేదు.

లాడాలు కొట్టే ఆయన్ని చూస్తే చాలు, కంచె విరగ్గొట్టుకుని పోయేది. గిట్టలు చెక్కాలంటే ప్రతిసారీ మత్తు ఇంజెక్షను ఇవ్వాల్సి వచ్చేది. "ఇలా ఎన్నిసార్లు ఇస్తాం? ఏదో ఒక రోజు గుండె ఆగుతుంది" అంది డాక్టరమ్మ. గిట్టలు వదిలేస్తే కుంటిదవుతుంది. దానికి మనిషి మీద నమ్మకం కుదరాలి, వేరే దారి లేదు.

అప్పుడు మా నాన్న పద్ధతి మొదలుపెట్టాను.

చూడ్డానికి అందులో ఏమీ లేదు. నాలుకతో అంగిట్లో రెండుసార్లు ట్లక్, ట్లక్ అనాలి. తరవాత గుర్రానికి వీపు చూపించి నిలబడిపోవాలి. పిలవకూడదు, తిరిగి చూడకూడదు, చేతిలో ఏమీ ఉండకూడదు. దాని మానాన అది వచ్చేదాకా అలాగే ఉండాలి. గంట పట్టొచ్చు, నెల పట్టొచ్చు. వెనక్కి తిరిగి ఉన్న మనిషి కొట్టలేడని దానికి అర్థం కావాలి. కొందరు కొరడాతో లొంగదీస్తారు, నాన్నకి ఆ పని చేతకాదు. ఆయన ఈ విద్య బయటివాళ్ళెవరికీ చెప్పలేదు. అన్నకి పదేళ్ళు, నాకు ఏడేళ్ళు ఉన్నప్పుడు మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి నేర్పాడు. అన్న దాన్ని ఆ తరవాత వాడగా నేను చూడలేదు. ముప్పై ఏళ్ళుగా వాడి చేతిలో కొరడానే చూశాను. మర్చిపోయాడనుకున్నాను.

పంతొమ్మిది రోజులు రోజుకి రెండు పూటలా గోడకేసి చూస్తూ నిలబడ్డాను. గోడ మీద పెచ్చులన్నీ కంఠతా వచ్చేశాయి. ఇరవయ్యో రోజు పొద్దున వెనకనుంచి వెచ్చటి ఊపిరి మెడకు తగిలింది. తరవాత నా కుడి భుజం మీద బరువు. దొరసాని గడ్డం ఆనించింది. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి, లద్దె బుట్ట పక్కన నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

ఆరో నెలలో అన్న ఆఫీసరుకి కాగితం పెట్టాడు, కోలుకుంది కాబట్టి నా గుర్రం నాకిచ్చేయమని. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"మీ అన్న మామూలోడు కాదు. షెడ్డుకి కొత్త రేకులు వేయించాడు, నీళ్ళ తొట్టి కట్టించాడు, ఇంకో డాక్టరు చేత సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాడు. ఇక మిగిలింది చూపు ఒక్కటే."

చూపంటే, ఆఫీసరు ముందు యజమాని గుర్రం దగ్గరికి వెళ్ళాలి. గుర్రం వణికినా, పారిపోయినా మా దగ్గరే ఉండిపోతుంది. దగ్గరికి రానిస్తే యజమానిది. రెండు నెలల తరవాతి తేదీ ఇచ్చారు.

"అందుకని ఇప్పుడు దాన్ని ఇంకా మెత్తబరచకు. నీకు లొంగింది, చాలు. మగవాళ్ళంటే కాస్త భయం ఉండనీ, ఆ చూపు అయ్యేదాకా" అంది డాక్టరమ్మ.

నాకు ఒళ్ళు మండింది. "భయపెట్టి ఉంచడానికా నేనిన్నాళ్ళు పడి చచ్చింది? మరి గిట్టలెవరు చెక్కుతారు, మీరా?"

"గిట్టలు నువ్వే చెక్కు. నేర్చుకో."

"చెక్కను. లాడాలాయన చేతికి కాలందించేలా చేస్తాను. చూస్తూ ఉండండి."

"దొరసాని కోసమేనా ఇది? నీ గొప్ప కోసం కాదు కదా?"

గొప్ప కోసం కాదని అరిచాను. గొప్ప కోసమే. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేముంది? లాడాలాయన్ని తీసుకొచ్చి వీపు తిప్పి నిలబెట్టాను. నాలుగు రోజుల్లో వచ్చింది. తరవాత గ్యాస్ బండ తెచ్చేవాణ్ణి నిలబెట్టాను. తరవాత పాలవాణ్ణి, విరాళం ఇవ్వడానికొచ్చిన పెద్దమనుషుల్ని. నేను రెండుసార్లు ట్లక్ అంటాను, వాళ్ళు నవ్వుతూ వెనక్కి తిరుగుతారు, దొరసాని వయ్యారంగా నడిచొచ్చి భుజం మీద గడ్డం పెడుతుంది. అందరూ చప్పట్లు. నేనేదో దాన్ని కన్నతండ్రిలా మీసం దువ్వుకునేవాణ్ణి.

అన్న గురించి నాకు దిగులే లేదు. గుర్రం దెబ్బ మర్చిపోదు. పాలవాణ్ణి నమ్మడం వేరు, తనని చావగొట్టినవాణ్ణి నమ్మడం వేరు అని నాకు నేనే చెప్పుకున్నాను.

చూపు రోజు పొద్దున పదింటికి అన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ఖాళీ చేతులు. ఆవరణ గేటు తీసుకుని లోపలికి వెళ్ళాడు. ఆఫీసరు అట్ట మీద కాగితాలు పెట్టుకుని కంచె బయట నిలబడ్డాడు. పక్కన డాక్టరమ్మ, ఆవిడ పక్కన నేను.

దొరసాని అన్నని చూడగానే గుర్తుపట్టింది. చెవులు వెనక్కి పడ్డాయి. ఒంటి మీద చర్మం అలలు అలలుగా కదిలింది. గబగబా నడిచి ఆవరణ ఆ చివరికి వెళ్ళిపోయి మూలన ఒదిగింది. నా గుండె చల్లబడింది. డాక్టరమ్మ నా మోచెయ్యి నొక్కింది. ఆఫీసరు పెన్ను మూత తీశాడు.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు అన్న.

అని, ఆవరణ మధ్యలోకి నడిచాడు. నాలుకతో రెండుసార్లు ట్లక్, ట్లక్ అన్నాడు. గుర్రానికి వీపు తిప్పి నిలబడ్డాడు.

దానికి వీపు తిప్పితే నాకు ఎదురుగా ఉంటాడు. మా ఇద్దరి మధ్య కంచె కర్రలు రెండు, పది అడుగుల దూరం. షెడ్డు గుమ్మంలో చూసిన రోజు తరవాత మళ్ళీ ఇప్పుడే అన్న నా మొహంలోకి తిన్నగా చూశాడు. కళ్ళలో కోపం లేదు, నవ్వు లేదు. నాన్న నేర్పినట్టే చేతులు వదులుగా వేలాడేసి, ఊపిరి నెమ్మదిగా తీస్తూ నిలబడ్డాడు. నాకంటే బాగా నిలబడ్డాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి?

అయిదు నిమిషాలు గడిచాయి. దొరసాని మూల నుంచి తల ఎత్తింది. ఒక చెవి ముందుకు వచ్చింది. ఒక అడుగు వేసి ఆగింది.

నా కాలి పక్కన నీళ్ళ బకెట్టు ఉంది, ఇనపది. ఒక్క తన్ను తంతే చాలు. ఆ మోతకి దొరసాని బెదిరి మూలకి పరిగెత్తేది, ఆఫీసరు రాసుకునేవాడు, కథ అక్కడితో అయిపోయేది. అది నాకు తెలుసు. డాక్టరమ్మకీ తెలుసు. "ఏదో ఒకటి చెయ్యి" అంది, పెదాలు కదపకుండా.

నా కాలు కదల్లేదు. వెనక్కి తిరిగిన మనిషి దగ్గరికి అది తనంతట తాను నడిచొస్తున్న క్షణంలో బెదరగొడితే, ఇక జన్మలో ఏ మనిషి దగ్గరికీ రాదు. నేను పంతొమ్మిది రోజులు నిలబడి కట్టింది కూలిపోతుంది. నా పని పాడవుతుందని చూశాను, గుర్రం పోతుందని చూడలేదు. దీన్ని ఎన్ని రకాలుగా తిప్పి చెప్పుకున్నా చివరికి ఇంతే.

పదకొండో నిమిషానికి దొరసాని మా అన్న భుజం మీద గడ్డం ఆనించింది.

"భేష్" అన్నాడు ఆఫీసరు.

"అది నా పద్ధతి సార్! నేను నేర్పాను దానికి. ఎవరు వెనక్కి తిరిగినా వస్తుంది, పాలవాడు తిరిగినా వస్తుంది. వాణ్ణి నమ్మి కాదు!" అని అరిచాను.

"పద్ధతి ఎవరిదైతే ఏంటయ్యా? గుర్రం భయపడలేదు. నేను రాయాల్సింది అదొక్కటే" అన్నాడాయన. అదే రాశాడు.

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "బకెట్టు నీ కాలి పక్కనే ఉంది" అని ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది.

లారీ పలక మీద దొరసాని బుద్ధిగా ఎక్కింది. అదీ నేను నేర్పిందే. తలతాడు ముడి వేస్తూ అన్న నాతో మెల్లగా అన్నాడు.

"నాన్న నీ ఒక్కడికే నేర్పాడనుకున్నావా? ఎనిమిది నెలలు మేపి, పుండు మాన్పి, కాళ్ళెత్తడం నేర్పి ఇచ్చావు. సొంత తమ్ముడు కాబట్టి చేశావు, పరాయివాడెవడు చేస్తాడు?"

"కొట్టావంటే చంపేస్తా."

"కొట్టే పనేముంది? ఇప్పుడది పిలిస్తే వస్తుంది."

మూడు వారాలు నేను సరస్సు వైపు వెళ్ళలేదు. నాలుగో వారం వెళ్ళాను. అరుగు మీద పత్రిక అడ్డం పెట్టుకుని, దొంగలా కూర్చుని చూశాను. దొరసాని ఒకప్పుడు ఇద్దరు కూర్చునే బండి లాగేది, ఇప్పుడు ఆరుగురిది. చెమట ఆరి ఒళ్ళంతా ఉప్పు చారలు. మధ్యాహ్నం అన్న దాన్ని విప్పి నీళ్ళు పెట్టాడు. తిరిగి కట్టే వేళకి ట్లక్, ట్లక్ అని వెనక్కి తిరిగాడు. అది వచ్చి గడ్డం భుజం మీద పెట్టింది. వాడు చప్పున తిరిగి పట్టీ మెడలో వేసి, కళ్ళెం నోట్లో తోసి, కదలమని కొరడా కట్టెతో డొక్కలో పొడిచాడు. సాయంత్రం మళ్ళీ అంతే. మర్నాడూ వెళ్ళి చూశాను, అంతే. వెనక్కి తిరిగిన ప్రతిసారీ మోసపోతోంది, ప్రతిసారీ వస్తోంది. ఒక్కసారైనా రాకుండా మూల పట్టుకుంటుందేమోనని అరుగు మీద కూర్చుని కోరుకున్నాను. కొరకవే, తన్నవే అని పళ్ళు కొరుక్కున్నాను. అంత గట్టిగా నేర్పాను నేను.

ఆ సాయంత్రమే అన్న ఇంటికి వెళ్ళాను. షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వస్తావని తెలుసు. ఇద్దరు పనివాళ్ళు మానేశారు. మాలీషు సరిగ్గా చేసేవాడు దొరకట్లేదు" అన్నాడు.

"దొరసాని పని నేను చూసుకుంటాను. బండి కూడా నేనే తోలతాను. నువ్వు దాని దగ్గరికి వెళ్ళొద్దు."

"వెళ్ళను. నాకేం సరదానా? కాని ఒక కాగితం కావాలి. ఆ ఫిర్యాదు కోపంలో పెట్టాను, అందులో ఉన్నది నిజం కాదు అని నీ చేత్తో రాసివ్వు. లేకపోతే వచ్చే వారం దాన్ని అమ్మేస్తాను. ఎక్కడికో నీకు తెలియదు."

వదిన గుమ్మంలోంచి చూస్తోంది. ఆ ఫిర్యాదుకి మూలం ఆవిడ ఫోనే. ఒక్క మాట అంటుందేమోనని చూశాను. ఆవిడ పెన్ను తెచ్చిచ్చింది. నేను రాశాను. కింద సంతకం పెట్టాను. మర్నాడు పొద్దున టీ ఇస్తూ వదిన, "ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉందయ్యా" అంది.

డాక్టరమ్మకి చెప్పకుండా మానేశాను. ఆవిడ ఎదుట నిలబడే మొహం లేదు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు, దాని జోలికి రాడు. పట్టీ నేనే వేస్తాను. కింద మెత్తటి గుడ్డ వేస్తాను, నీళ్ళు వేళకి పెడతాను, కొట్టను. కాని బండి ఆరుగురిదే. పొద్దున తొమ్మిదింటికి మొదలుపెడితే చీకటి పడేదాకా తొమ్మిది గంటలు. మధ్యలో ఆపితే అన్న రెండో బండి మీద కూర్చుని ఇటు చూస్తాడు. నేను పగ్గాలు కదుపుతాను.

పోయిన వారం సరస్సు దగ్గర తనిఖీ పెట్టారు. బండ్లన్నీ వరసగా ఆపించారు. అదే ఆఫీసరు, పక్కన అట్ట పట్టుకుని డాక్టరమ్మ. ఒక్కో బండి చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగింది. దొరసాని పేరు పెట్టింది ఆవిడే. దాని కళ్ళు చూసింది, పళ్ళు చూసింది, గుడ్డ ఎత్తి భుజం చూసింది. అక్కడ చర్మం మళ్ళీ ఎర్రబడింది. నా వైపు చూడకుండానే అడిగింది.

"ఈ గుర్రం ఎవరిదండీ?"

నాలుగేళ్ళు నన్ను నువ్వనే పిలిచిన మనిషి.

"మాదేనండి."

"రోజుకి ఎన్ని గంటలు తిప్పుతున్నారు?"

నాలుగు దాటితే బండి సీజు చేస్తారు. గుర్రాన్ని తీసుకెళ్ళే కాగితం కదలడానికి ఎంత లేదన్నా నెల పడుతుంది. ఈలోపు దొరసాని ఊరు దాటిపోతుంది. వెనక బండి మీద అన్న పగ్గాలు మోకాళ్ళ మీద పెట్టుకుని, మొహంలో ఏమీ కనిపించకుండా కూర్చున్నాడు. నిజం చెప్పినా ఎవరు నమ్ముతారు? నేను అబద్ధాలాడతానని నా చేతి రాతతో ఉన్న కాగితం ఆ ఆఫీసరు దగ్గరే ఉంది.

"నాలుగు గంటలేనండి" అన్నాను. "మధ్యలో విశ్రాంతి కూడా ఇస్తాం."

డాక్టరమ్మ ఒక్క క్షణం పెన్ను ఆపింది. తరవాత నేను చెప్పింది చెప్పినట్టే రాసుకుని, కింద నా చేత సంతకం పెట్టించుకుని, పక్క బండి దగ్గరికి వెళ్ళిపోయింది.